సుర్ఖీ మొదలు నీలి లింకు వరకు: పుటలో దారి చూపు రంగు

ఉర్దూ వార్తాపత్రిక చదువు మిత్రులకు 'సుర్ఖీ' అను మాట సుపరిచితము. మనము తెలుగులో 'శీర్షిక' అను చోట వారు 'సుర్ఖీ' అందురు. అయితే ఆ పదమునకు మొదటి అర్థము శీర్షిక కాదు, ఎరుపు. పూర్వము లేఖకులు గ్రంథమంతటిని నల్ల సిరాతో వ్రాసి, అధ్యాయముల పేర్లను, క్రొత్త విషయము ప్రారంభమగు చోటును ఎర్ర సిరాతో వ్రాసెడివారు. పుట తిప్పగనే కన్ను ఆ ఎరుపుపై వ్రాలెడిది. కాలక్రమమున ఎరుపే శీర్షికకు పేరైనది. ఆంగ్లములోని 'రూబ్రిక్' అను మాట కూడ లాటిన్ భాషలో ఎర్రమన్నుకు గల పేరు నుండి పుట్టినదే. అంతకు ఎంతో ముందు, ప్రాచీన ఈజిప్టు లేఖకులు కూడ పపైరస్ చుట్టలపై శీర్షికలకు ఎర్ర సిరా వాడినారు. చదువరికి దారి చూపుటకు రంగును ఆశ్రయించుట నేటి కంప్యూటర్ యుగములో పుట్టిన వింత కాదని చెప్పుటకే ఈ ముచ్చట.

అరబ్బీ లిపి చరిత్రలో ఇంతకన్న సూక్ష్మమైన ఉదాహరణ కలదు. తొలినాటి ఖురాన్ ప్రతులలో హ్రస్వాచ్చుల గుర్తులు లేవు. 7వ శతాబ్దికి చెందిన అబుల్ అస్వద్ అద్దువలీ అను పండితుడు అక్షరములకు పైన, క్రింద, ప్రక్కన వేరు రంగు చుక్కలుంచి ఉచ్చారణను సూచించు పద్ధతిని ఏర్పరచినాడని సంప్రదాయము చెప్పుచున్నది. నల్లని అక్షరము మూలము, ఎర్రని చుక్క చదువరికి సహాయము. మూలమును ముట్టుకొనకుండ, దానిపైననే ఒక గుర్తును నిలుపుటకు రంగు ఎంత అనువైనదో ఇందువలన తెలియుచున్నది. తరువాత 8వ శతాబ్దిలో ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అను వ్యాకరణవేత్త ఆ చుక్కల స్థానమున వేర్వేరు ఆకారములు గల చిన్న గుర్తులను ప్రవేశపెట్టినాడు. దానితో రెండు సిరాల అవసరము తీరినది. రంగుతో చెప్పినదానిని ఆకారముతో కూడ చెప్పవచ్చునను ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనగోరెదము. ఇది మరల అవసరపడును.

మన తాళపత్రముల దారి వేరు. గంటముతో గీసి మసి పూయు తాటియాకుపై సాధారణముగ రెండవ రంగునకు తావు లేదు. అందుచేత పద్యము ముగిసిన చోటును, ఆశ్వాసము మారిన చోటును మనవారు నిలువు గీతలతోను, కొన్ని గుర్తులతోను తెలిపినారు.

ఇక ప్రస్తుతాంశమునకు వచ్చెదము. వెబ్‌సైట్ పుటలోని లింకు శీర్షిక వంటిది కాదు, తలుపు వంటిది. శీర్షిక కనబడకపోయినను పాఠకుడు క్రిందికి చదువుకొనుచు పోగలడు. లింకు కనబడనిచో ఆవల గది ఉన్నదను సంగతియే అతనికి తెలియదు. నేడు పరీక్ష రుసుము, హాల్ టిక్కెట్టు, ఉపకారవేతనపు దరఖాస్తు, ప్రవేశముల జాబితా అన్నియు ఇట్టి తలుపుల వెనుకనే ఉన్నవి. నోటీసు బోర్డు మీద కాగితము అంటించిన నాళ్లలో ఎవరో ఒకరు చూచి పదిమందికి చెప్పెడివారు. ఇప్పుడు ప్రతి విద్యార్థి తన చేతిలోని ఫోనుతో ఒంటరిగ ఆ పుట ముందు నిలిచి ఉన్నాడు.

ఒక ఉపకారవేతనపు పుటను మేము చూచితిమి. దాని పేరు ఇచట అనవసరము. ఆ పుటలో నియమములన్నియు నల్లని అక్షరములలో నున్నవి. దరఖాస్తునకు పోవు లింకు మూడవ పేరా నడుమ, అదే నల్లని అక్షరములలో, అడుగున గీత యైనను లేకుండ ఉన్నది. కంప్యూటర్ ముందు కూర్చుండి మౌస్ బాణమును ఆ మాట మీదికి తెచ్చినచో రంగు మారును, నిజమే. కాని ఫోనులో బాణము లేదు. వ్రేలితో తాకువరకు అది లింకని తెలియదు, లింకని తెలియనిదే ఎవరును తాకరు. మన విద్యార్థినులు కొందరు ఆ పుటను తుదివరకు చదివి, "ఇంకా అప్లికేషన్ రాలేదు" అని నిజముగనే నమ్మినారు. గడువు తేది దగ్గర పడిన పిమ్మట ఒక నెట్ సెంటర్ యజమాని ఆ మాటపై నొక్కి చూపినాడు. రోజు కూలి మీద బ్రతుకు కుటుంబమునకు ఆ సొమ్ము ఎంత అవసరమో ఈ సంచిక చదువు వారికి వేరుగ చెప్పనక్కరలేదు. రంగు విషయము అలంకారమునకు చెందినదని తలచు పెద్దలు ఈ పుటను ఒకసారి చూచిన బాగుండును.

లింకునకు నీలిరంగు ఎట్లు వచ్చినది? ఒక పత్రములోని మాట నుండి మరియొక పత్రమునకు నేరుగ పోవు వ్రాతకు 'హైపర్‌టెక్స్ట్' అను పేరును 1965లో ప్రకటించినవాడు టెడ్ నెల్సన్ అను అమెరికా దేశీయుడు. జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధనాలయములో పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్ లీ 1989లో తన ప్రతిపాదనను వ్రాసి, 1990లో మొదటి బ్రౌజరును తయారుచేసినాడు. ఆయన పనిచేసిన నెక్స్ట్ కంప్యూటర్ తెర నలుపు, తెలుపు, బూడిద ఛాయలది. కనుక అచట లింకును తెలుపునది రంగు కాదు, అడుగు గీత. ఆ తరువాత సాధారణ కంప్యూటర్లకై చేసిన మరియొక బ్రౌజరులో గీతకు కూడ వీలులేక, ప్రతి లింకు ప్రక్కన ఒక సంఖ్య వేసినారు. చదువరి ఆ సంఖ్యను టైపు చేసిన ఆ పుట తెరుచుకొనెడిది. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా అను ఇద్దరు తయారుచేసిన 'మొజాయిక్' బ్రౌజరులో చూడని లింకునకు నీలము, చూచిన లింకునకు ముదురు ఊదా, రెంటికిని అడుగు గీత అను ఏర్పాటు వచ్చినది. మొజాయిక్ ప్రపంచమంతట వ్యాపించినది. దానితోపాటు దాని నీలము కూడ వ్యాపించినది.

అయితే నీలము కేవలము యాదృచ్ఛికముగ వచ్చినదని కూడ చెప్పరాదు. మేరీలాండ్ విశ్వవిద్యాలయమున బెన్ ష్నైడర్మన్ అను ఆచార్యుడు, ఆయన శిష్యులు 1980ల దశకములోనే 'హైపర్‌టైస్' అను వ్యవస్థపై లింకుల రంగులను పరీక్షించి చూచినారు. ఎరుపు లింకులు ఎక్కువగ కనబడినవట. కాని వాటివలన పాఠకులు చదివిన విషయమును గ్రహించి గుర్తుంచుకొనుట తగ్గినదట. నీలము కనబడినది, చదువునకు అడ్డు రాలేదు. మా దృష్టిలో ఈ విషయమంతటికిని ఇదే కీలకము. లింకు కనబడవలెను, కాని కేక వేయరాదు. చదువుచున్న వాక్యము నుండి కన్నును లాగివేయు లింకు, వాక్యమును చెడగొట్టిన లింకే. ఎర్ర సుర్ఖీ పుటకు పైన ఒక్కటే ఉండును గనుక అది కేక వేసినను చెల్లును. పేరా నడుమ నాలుగు ఎర్ర మాటలున్నచో నాలుగు కేకలు.

కన్ను ఒక రంగును ఏల వెంటనే పట్టుకొనును? నల్లని అక్షరముల నడుమ ఒక్క నీలి మాట ఉన్నచో మనము వరుసగ వెదకనవసరము లేదు, అది తనంతట తానే బయటికి దుమికినట్లుండును. రంగు వంటి సరళ లక్షణములను మన దృష్టి పుటనంతటిని ఒక్కసారిగ చూచి గ్రహించుననియు, రెండు మూడు లక్షణములు కలిసినదానిని మాత్రము ఒక్కొక్కటిగ వెదకవలసి వచ్చుననియు ఆన్ ట్రీజ్మన్, గ్యారీ జెలేడ్ అను శాస్త్రజ్ఞులు 1980లో ప్రతిపాదించినారు. గోడ మీది తెలుగు క్యాలెండరే ఇందుకు సాక్ష్యము. ఎర్రని ఆదివారములను వెదకుటకు ఎవరికిని శ్రమ లేదు. అదే క్యాలెండరులో శుభముహూర్తము గల తేదీని కనుగొనుటకు ఒక్కొక్క గడిలోని చిన్న అక్షరములను చదువవలసి వచ్చును. తేదీలన్నియు ఎర్రగ నుండిన సెలవు దినము కనబడునా? 1933లో హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ అను జర్మన్ విదుషి చూపినది కూడ ఇట్టిదే. ఒకే రకపు వస్తువుల నడుమ వేరుగ నున్న ఒక్కటి బాగుగ జ్ఞాపకముండును. వేరుగ ఉండుటలోనే దాని బలము. రంగులో సహజముగ ఏ బలమును లేదు.

మరియొక హెచ్చరిక కూడ అవసరము. ఎంత ప్రకాశవంతమైన రంగు పూసిన లింకు అంత బాగుగ కనబడునని కొందరు తలతురు. 1998లో బెన్వే, లేన్ అను ఇద్దరు పరిశోధకులు దీనికి విరుద్ధమైన సంగతిని ప్రకటించినారు. వాణిజ్య ప్రకటన వలె పెద్ద పెట్టెలో, మెరయు రంగులో నున్న లింకును, సమాచారము వెదకువారు తరచుగ చూడకయే దాటిపోయినారు. సంతలో గొంతెత్తి అరచు అంగడివానిని మనము వినకుండ నడిచిపోవుట అలవాటే గదా! కనుక 'క్రొత్తది' అని మినుకు మినుకుమను ఎర్ర బొమ్మలను ప్రతి ప్రకటన ప్రక్కన అంటించుట వలన ప్రయోజనము కన్న నష్టమే మెండు. మా మాట కొందరికి నచ్చకపోవచ్చును. ఆ బొమ్మలను ఇష్టపడువారు మన కార్యాలయములలో చాలమంది కలరు.

ఇప్పుడు లెక్కలోనికి వచ్చెదము. గణితశాఖ మిత్రులకు ఇది రుచించునని ఆశించుచున్నాము. రంగు వేరు, వెలుతురు వేరు. రెండు రంగులు వేరువేరైనను వాటి వెలుతురు సమానమైనచో, మందదృష్టి గలవారికి, ఎండలో ఫోను చూచువారికి అవి కలిసిపోవును. 1994లో స్థాపింపబడిన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియమ్ అను సంస్థ దీనికొక కొలతను నిర్ణయించినది. నలుపు విలువ 0, తెలుపు విలువ 1. తెరపై శుద్ధమైన ఎరుపు విలువ 0.2126, ఆకుపచ్చ విలువ 0.7152, నీలము విలువ 0.0722. మూడును కూడిన 1 వచ్చును, అనగా తెలుపు. రెండు రంగుల నిష్పత్తి కావలసినచో, రెండు విలువలకును 0.05 చొప్పున కలిపి, పెద్దదానిని చిన్నదానితో భాగింపవలెను. తెలుపు మీద నలుపు 1.05ను 0.05తో భాగింపగా 21. ఇదే గరిష్ఠము. సామాన్య అక్షరములకు, వెనుకనున్న రంగునకు మధ్య కనీసము 4.5 ఉండవలెనని ఆ సంస్థ నియమము.

ఈ లెక్కను మన రంగులకు వర్తింపజేయుదము. తెలుపు మీద శుద్ధ నీలము 8.6, చక్కగ చదువవచ్చును. తెలుపు మీద శుద్ధ ఎరుపు 4.0 మాత్రమే, నియమమునకు కొంచెము తక్కువ. తెలుపు మీద శుద్ధ ఆకుపచ్చ 1.4, పనికిరాదు. పసుపు 1.1, అసలు కనబడదు. కళాశాల రంగులని అభిమానముతో లేత ఆకుపచ్చ అక్షరములను తెలుపు మీద వాడువారు ఈ అంకెలను గమనింపగోరెదము.

ఇంతవరకు నీలమునకు మంచి మార్కులే వచ్చినవి. కాని లింకునకు రెండు పరీక్షలు కలవు. కాగితపు తెలుపు నుండి అది వేరుగ నుండి చదువబడవలెను, ఇది మొదటిది. చుట్టునున్న నల్లని మాటల నుండి వేరుగ నుండి లింకని తెలియవలెను, ఇది రెండవది. అడుగు గీత లేకుండ రంగు మీదనే ఆధారపడినచో ఈ రెండవ నిష్పత్తి కనీసము 3 ఉండవలెనని అదే సంస్థ సూచించినది. శుద్ధ నీలమునకు, నలుపునకు మధ్య నిష్పత్తి 2.4 మాత్రమే! అనగా ప్రపంచమంతట ప్రసిద్ధి పొందిన ఆ నీలము, గీతను తీసివేసిన మరుక్షణమున రెండవ పరీక్షలో తప్పును. 1993లో మొజాయిక్ నిర్మాతలు నీలముతోపాటు గీతను కూడ ఉంచినారు. తరువాత వచ్చిన అందగాండ్రు గీతను తుడిచివేసి నీలమును మాత్రము మిగిల్చినారు.

రెండు పరీక్షలలోను నెగ్గు నీలము లేకపోలేదు. ఎరుపు 20, ఆకుపచ్చ 40, నీలము 80 శాతము చొప్పున తెరపై కలిపిన కొంచెము లేత నీలమునకు తెలుపుతో 5.4, నలుపుతో 3.9 వచ్చును. ఈ శాతములను పై విలువలతో నేరుగ గుణింపరాదు. తెర స్వభావమును బట్టి ముందుగ వాటిని సవరించు సూత్రమొకటి కలదు. ఆసక్తి గలవారు కంప్యూటర్ శాఖలో అడిగి తెలిసికొనవచ్చును. మేము చెప్పదలచినది ఇంతే: తెలుపునకును నలుపునకును నడుమ ఇరుకైన సందు ఒకటి కలదు, లింకు రంగు ఆ సందులో నిలువవలెను. రాత్రివేళ ఫోనును నల్ల తెరకు మార్చుకొని చదువువారికి ఆ సందు కూడ మారిపోవును. నల్లని తెర మీద శుద్ధ నీలము దాదాపు చదువరాదు.

కొందరికి రంగులే వేరుగ కనబడును. పరమాణు సిద్ధాంతకర్తగ మన పాఠ్యపుస్తకములలో కనబడు జాన్ డాల్టన్‌కు ఎరుపు మనవలె కనబడెడిది కాదు. తన దృష్టిలోని ఈ తేడాను ఆయన 1794లో మాంచెస్టరులోని పండిత సభకు విన్నవించినాడు. ఐరోపా సంతతి పురుషులలో సుమారు 8 శాతము మందికి ఎరుపు, ఆకుపచ్చల నడుమ తేడా సరిగ తెలియదు. స్త్రీలలో ఇది 0.5 శాతము మాత్రమే. దీనికి కారణమగు జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉండుటయే ఈ వ్యత్యాసమునకు హేతువు. భారతదేశములో ఈ లోపము అంతకన్న తక్కువైనను లేకపోలేదు. అట్టివారికి నలుపు నడుమ నున్న ముదురు ఎరుపు మాట నలుపుగనే తోచవచ్చును. 'ఎర్ర అక్షరములలో నున్న వారు మాత్రము ధ్రువపత్రములు సమర్పింపవలెను' అను ప్రకటనను చూచి వారేమి చేయుదురు? నీలము ఇక్కడ మరల మెరుగు. ఎరుపు, ఆకుపచ్చల గందరగోళము గలవారికి కూడ నీలము నీలముగనే ఉండును. అయినను పెద్ద వయస్సున కంటి కటకము పసుపుబారి నీలపు కాంతిని కొంత అడ్డగించును. కనుక సన్నని గీతల అక్షరములలో నీలము కూడ అందరికిని సమానముగ అందదు. ఖలీల్ ఇబ్న్ అహ్మద్ సంగతిని ఇప్పుడు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. రంగు చెప్పుదానిని ఆకారము కూడ చెప్పవలెను. లింకు విషయమున ఆ ఆకారము అడుగు గీత.

ఇచట మన రెండు భాషలకు ఒక చిక్కు వచ్చుచున్నది. ఆంగ్ల గ్రంథములు దీనిని గూర్చి అరుదుగ మాట్లాడును. ఆంగ్ల అక్షరములలో పంక్తి క్రిందికి తోక దిగునవి కొద్ది మాత్రమే. తెలుగులో ఒత్తులన్నియు క్రిందనే ఉండును. 'దరఖాస్తు', 'విద్యార్థి', 'రాష్ట్రము' అను మాటలను అడుగు గీతతో వ్రాసి చూడుడు. గీత సరిగ త ఒత్తు, థ ఒత్తుల నడుమ నుండి పోవును. 'రాష్ట్రము'లో ట ఒత్తు, ర ఒత్తు రెండును గీతతో కలిసి ముద్దయగును. ఒత్తు చెడిన తెలుగు మాట సగము మాటయే. ఉర్దూ నస్తలీఖ్ లిపిలో పరిస్థితి మరింత క్లిష్టము. మాట కుడి నుండి ఎడమకు ఏటవాలుగ దిగును. 'బే'కు క్రింద ఒక చుక్క, 'పే'కు క్రింద మూడు చుక్కలు. 'జీమ్'కు ఒకటి, 'చే'కు మూడు. గీత ఆ చుక్కల మీదుగ పోయినచో ఏది 'బే'యో, ఏది 'పే'యో చదువరి ఊహింపవలెను. అక్షరమును చదువనీయని గుర్తు, ఎంత స్పష్టముగ కనబడినను, లింకునకు సేవ చేసినట్లు కాదు.

అట్లని గీతను వదలుకొనవలసిన పని లేదు. నేటి బ్రౌజర్లలో గీత అక్షరపు తోకను తాకు చోట తెగి, మరల కొనసాగు ఏర్పాటు కలదు. గీతను ఒత్తులకు కూడ దిగువకు జరుపు ఏర్పాటు సైతము కలదు. తెలుగునకు రెండవదే మేలని మా అభిప్రాయము. మొదటిదానిలో ఒత్తులు ఎక్కువైనచో గీత ముక్కలు ముక్కలై, అది గీతయో, చుక్కలో తెలియదు. అయితే గీత దిగువకు జరిగినపుడు క్రింది పంక్తి తలకట్టుకు తగులును. ఆ తలకట్టుకు పైగీత గీసినట్లుండును. కనుక పంక్తికి పంక్తికి నడుమ ఎడము పెంచవలెను. ఆంగ్ల పుటకు సరిపోయిన ఎడమును తెచ్చి తెలుగు, ఉర్దూ పుటలకు అట్లే పెట్టుట వలననే మన పుటలు ఇరుకుగ, అలసట కలిగించునట్లు ఉన్నవి.

గీతకు ప్రత్యామ్నాయముగనో, తోడుగనో రంగు పూత కూడ కలదు. అనగా మాట వెనుక లేత రంగు పట్టీ వేయుట. విద్యార్థులు గైడు పుస్తకములలో హైలైటర్ పెన్నుతో చేయునది ఇదే. ఈ పద్ధతిలో ఒత్తులకు గాని, చుక్కలకు గాని హాని లేదు. అక్షరము నల్లగనో, ముదురు నీలముగనో ఉండి, వెనుక పసుపు పట్టీ ఉన్నచో నిష్పత్తులు కూడ అనుకూలమే. పసుపు మీద నలుపు 19.6, శుద్ధ నీలము 8.0. ఎరుపు మాత్రము 3.7కు పడిపోవును. కనుక పసుపు పూత మీద ఎర్ర అక్షరము వద్దు. కాగితము మీది హైలైటర్ సిరా అతినీలలోహిత కాంతిని గ్రహించి, కంటికి కనబడు కాంతిగ మార్చి వెదజల్లును. అందుచేత అది చుట్టునున్న కాగితము కన్న వెలుగుచున్నట్లు తోచును. తెరకు ఆ శక్తి లేదు. తెర మీద తెలుపును మించిన వెలుగు పసుపునకు ఉండజాలదు. తెలుపునకు పసుపునకు నిష్పత్తి 1.1 మాత్రమేనని ముందే చూచితిమి. వెలుతురు తేడాను మాత్రమే గ్రహింపగల దృష్టి గలవారికి ఆ పట్టీ లేనట్లే. కావున పట్టీకి దిగువ అంచున ముదురు గీత ఒకటి తప్పక ఉండవలెను. ఒత్తులకు దూరముగ, పట్టీ అంచున ఉండు గీత ఎవరికిని అడ్డు రాదు.

పూతను మితముగ వాడవలెనని విద్యార్థులకు మేము చెప్పనేల? పుటలో ముప్పాతిక భాగము పసుపు పూసిన నోటుపుస్తకములు మన గ్రంథాలయములో నిత్యము కనబడుచునే ఉన్నవి. 2013లో జాన్ డన్లాస్కీ, ఆయన సహచరులు అధ్యయన పద్ధతులను సమీక్షించి, కేవలము రంగు పూయుట వలన చదువునకు కలుగు మేలు స్వల్పమని తేల్చినారు. లింకుల విషయమున మా సూచన ఇది: పేరా నడుమ లింకులకు నీలము, గీత చాలును. పూతను ఆ పుట యొక్క ముఖ్య కార్యమునకు మాత్రము కేటాయింపవలెను. దరఖాస్తు పుటలో దరఖాస్తు లింకు, ఫలితముల పుటలో ఫలితముల లింకు, ఒక్కొక్కటే.

రంగునకు అర్థము స్థిరముగ ఉండుట వలన కలుగు మేలునకు వికీపీడియా మంచి ఉదాహరణము. తెలుగు వికీపీడియా 2003లోను, ఉర్దూ వికీపీడియా 2004లోను మొదలైనవి. వాటిలో నీలి లింకు వెనుక వ్యాసము ఉన్నది, ఎర్ర లింకు వెనుక వ్యాసము ఇంకను వ్రాయబడలేదు. ఎర్ర మాటను చూచిన చదువరికి అది ఒక ఆహ్వానము. మన కళాశాల పుటలలో మాత్రము నీలము ఒకచోట లింకు, మరియొకచోట కేవలము అలంకారము. లింకు కాని మాటకు నీలము పూసి గీత గీయుట, గోడ మీద తలుపు బొమ్మ గీయుట వంటిది. రెండుసార్లు గోడను తట్టినవాడు మూడవసారి నిజమైన తలుపును కూడ తట్టడు.

చూపు లేని విద్యార్థుల సంగతి చెప్పక ఈ విషయము పూర్తి కాదు. వారు తెర మీది మాటలను చదివి వినిపించు ఎన్‌వీడీఏ వంటి ఉచిత సాధనములతో పుటలను వినుచున్నారు. వాటిలో లింకులను మాత్రము ఏరి వరుసగ వినవచ్చును. పుటలోని ప్రతి లింకును 'ఇక్కడ నొక్కండి' అని వ్రాసినచో వారికి వినబడునది 'ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి' అను పాట. 'ఉపకారవేతనపు దరఖాస్తు' అని వ్రాసిన చూపున్నవారికిని అదే మేలు. ఏలయన రంగు పూసిన మాటలనే ముందుగ చదువుకొనుచు పోవుట అందరి అలవాటు. దివ్యాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శక సూత్రములు 2009 నుండియే ఉన్నవి. కాగితము మీద మనకు కొరత లేదు.

కళాశాల వెబ్‌సైట్‌ను రెండు భాషలలో తిరిగి దిద్దునపుడు కమిటీ వారు ఒప్పంద పత్రముపై సంతకము చేయుటకు ముందు మూడు పరీక్షలు జరిపింపగోరుచున్నాము. వీటికి వ్యయము లేదు. మొదట, ఉపకారవేతనపు పుటను కాగితము మీద ముద్రించి, కార్యాలయములోని జిరాక్సు యంత్రమున నలుపు తెలుపులలో ప్రతి తీయించవలెను. ఆ ప్రతిలో లింకులు ఏవియో వ్రేలు పెట్టి చూపగలిగినచో రంగు తన భారమును ఆకారముతో పంచుకొన్నట్లే. పిమ్మట, ఆ పుటను తక్కువ ధర ఫోనులో, మధ్యాహ్నపు ఎండలో, కళాశాల మైదానమున నిలిచి చూడవలెను. తెరను ఏసీ గదిలో చూచి ఆమోదించు అలవాటు మానవలెను. చివరగ, 'రాష్ట్ర ప్రభుత్వ ఉపకారవేతన దరఖాస్తు' అను లింకును తెలుగు తెలిసిన ఒక ప్రథమ సంవత్సర విద్యార్థిచేతను, 'బే', 'పే', 'జీమ్', 'చే' నాలుగును గల ఒక ఉర్దూ లింకును ఉర్దూ విభాగపు విద్యార్థిచేతను బిగ్గరగ చదివింపవలెను. వారు ఎచట తడబడుదురో అచట గీతను దించవలెను. ఈ మూడు పరీక్షలకు కావలసిన విద్యార్థులను సమకూర్చుటకు మేము సిద్ధముగ ఉన్నాము. సెమిస్టరు పరీక్షలు ముగిసిన మరుసటి వారము ఏ దినమైనను మాకు సమ్మతమే.